చెరిపేసిన ప్రశ్న

పోయిన వారం సౌభాగ్యను బిలాస్‌పూర్‌లోని సిర్గిట్టిలో ఓంకార్ వర్క్‌షాపు మెట్ల మీద వదిలి వచ్చాం. పైన గదిలో విన్న చివరి మాట ఆమెను కిందికి దిగనివ్వలేదు, తిరిగి పైకీ వెళ్లనివ్వలేదు. మైత్రి ఏదో రాసి చెరిపేసిందనీ, తప్పు చేసినవాళ్లే అలా చెరుపుకుంటారనీ, ఆ పిల్లని ఇక బృందంలో ఉంచేది లేదనీ ఓంకార్ తేల్చేశాడు. ఊరికే అనలేదు, చూపించాడు కూడా. మైత్రి పంపిన మార్పు కింద, అందరూ మాట్లాడుకునే చోట, ఒక వ్యాఖ్యను రాసినవాళ్లే తొలగించారన్న గుర్తు ఉంది. అందులో ఏం రాసి ఉండేదో మాత్రం లేదు.

ఇప్పుడే ఈ కథలోకి వచ్చినవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. 'పిలుపు' అనేది రక్తం కావలసినవాళ్లకీ, ఇవ్వగలిగినవాళ్లకీ మధ్య కబురు చేరవేసే ఫోన్ ప్రోగ్రాం. పుట్టింది బిలాస్‌పూర్‌లోనే. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాని కోడ్ ఇంటర్నెట్‌లో అందరి కళ్లముందూ ఉంటుంది, చేతనైనవాళ్లు ఎవరైనా బాగుచేసి పంపవచ్చు. కాకపోతే ఎవరు ఏం మార్చి పంపినా, అది ప్రోగ్రాంలో కలిసేముందు మరొకరు చదివి సరే అనాలి. ఆ చదవడాన్నే రివ్యూ అంటారు. మొదలుపెట్టినవాడు కాబట్టి ఏళ్ల తరబడి ఆ చదవడం ఓంకార్ ఒక్కడే చేశాడు. కరెంటు ప్యానెల్ బోర్డులు తయారుచేసే వర్క్‌షాపు నడుపుకుంటూ, తీరిక దొరికినప్పుడు చదివేవాడు. తీరిక ఎక్కడ దొరుకుతుంది? జనం పంపిన మార్పులు నెలలపాటు అలా పడి ఉండేవి. పంపినవాళ్లు చూసి చూసి వెళ్లిపోయేవారు. బృందంలో మరో పాతమనిషి సౌభాగ్య పోట్లాడి ఆ పద్ధతి మార్పించింది. బృందంలోని పాతవాళ్లలో ఎవరు చదివి సరే అన్నా చాలు, వచ్చిన ప్రతి మార్పుకీ రెండు రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. అదీ ఆమె తెచ్చిన కొత్త పద్ధతి.

తన దగ్గర నేర్చుకున్న కాలేజీ పిల్ల మైత్రి పంపిన మార్పును చదివి సరే అన్నది సౌభాగ్యే. అది కలిసిన తరవాత పాత దాతల్లో చాలామందికి కబురు వెళ్లడం ఆగిపోయింది. ఎవరికీ తెలియలేదు. రైల్వే కాలనీలో గూడ్సు డ్రైవరు నూకరాజు భార్య నీలవేణికి కాన్పులో రక్తం పోతూంటే, వాళ్లు 'పిలుపు'లోనే వెతికారు. ఒక్కరూ రాలేదు. ఊళ్లో దొరకని ఆ గ్రూపు రక్తం రాయ్‌పూర్ నుంచి తెప్పించేసరికి పొద్దుపోయింది. తల్లీ బిడ్డా దక్కారు. కానీ తల్లిని నిలబెట్టడానికి డాక్టర్లు గర్భసంచి తీసేయవలసి వచ్చింది.

ఇంతవరకూ మనకు తెలిసిందే. మెట్ల మీద నిలబడ్డ సౌభాగ్యకు అంతుపట్టనిది ఒక్కటే. ఆ పిల్ల ఏం చెరిపింది?

ఆమె స్కూటీ తీసి మైత్రి వాళ్లుండే తోర్వా దారి పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం. బజారు సగం మూసేసి ఉంది. మైత్రి వాళ్ల నాన్న బ్యాంకులో పనిచేస్తాడు, కరీంనగర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. తలుపు తీసింది మైత్రి తల్లి ఆండాళ్. సౌభాగ్యను చూడగానే ఆమె ముఖం కాస్త తేలికపడింది. పిల్ల సరిగ్గా తినడం లేదనీ, కాలేజీకి వెళ్తోంది వస్తోంది గానీ ఏమైందంటే చెప్పడం లేదనీ, మీ మాటయితే వింటుందనీ చెప్పి లోపలి గది చూపించింది. మీ మాటయితే వింటుందన్న ముక్క సౌభాగ్యకు ఎక్కడో గుచ్చుకుంది.

మైత్రి మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎప్పుడూ ఒళ్లో ఉండే ల్యాప్‌టాప్ ఎక్కడా కనిపించలేదు. సౌభాగ్య కళ్లు వెతకడం చూసి, బీరువా మీద దుప్పట్ల కింద పెట్టానని తనే చెప్పింది. మళ్ళీ తీసేది లేదన్నట్టు చెప్పింది.

సౌభాగ్య మంచం అంచున కూర్చుంది. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంటూ వచ్చింది. తీరా కూర్చున్నాక ఆ ఆలోచనలేవీ అక్కరకు రాలేదు.

"ఏం చెరిపేశావు మైత్రీ?"

మైత్రి చేతిలోని దుప్పట్టా మడత ఆగింది. "ఓంకార్ భయ్యా చూశారా?"

"చెరిపిన గుర్తు చూశారు. తప్పుందని నీకు ముందే తెలుసనీ, గొడవయ్యాక దాన్ని మాయం చేశావనీ అనుకుంటున్నారు. నిన్ను తీసేస్తానంటున్నారు."

"అచ్ఛా." మైత్రి దుప్పట్టాను మళ్ళీ మొదటి నుంచి మడతపెట్టింది. "అలాగే అనుకోనివ్వండి అక్కా."

సౌభాగ్య లేవలేదు. లేవదని మైత్రికీ అర్థమైంది.

ఆ మార్పు మైత్రి తనంతట తాను ఆలోచించి చేసినది. రైల్వే ఊరు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనుషులు వీధికి పదిమంది. అలాంటివాళ్లను కబురుతో నిద్ర లేపితే, వాళ్లు విసుక్కుని ప్రోగ్రాంనే తీసేస్తున్నారు. అందుకని ఎవరి విశ్రాంతి వేళలు వాళ్లు రాసుకునేందుకు ఒక గడి పెట్టింది. ఆ వేళల్లో వాళ్లకు కబురు వెళ్లదు. మంచి ఆలోచనే. అయితే ఎప్పటినుంచో ఉన్న దాతల దగ్గర ఆ గడి ఖాళీగా ఉంది. వాళ్లకు అలాంటి గడి ఒకటి వచ్చిందనే తెలియదు. ఖాళీ గడిని చూసి ప్రోగ్రాం ఆ మనిషికి రోజంతా విశ్రాంతేనని లెక్క కట్టుకుంది. అంతే. కొంపలంటుకున్నా వాళ్లకు కబురు పోలేదు.

ఇదంతా ఇద్దరికీ తెలుసు. పోయిన వారమంతా బృందంలో ఇదే మాట. కానీ మైత్రి అప్పుడు నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పింది, గోడవైపు చూస్తూ.

"నేను అడిగాను కదా అక్కా."

"ఏమని?"

"గడి ఖాళీగా ఉన్నవాళ్ల సంగతేంటి అని. ఆ లైను పక్కనే రాశాను. ఇది నాకు పక్కాగా తెలియట్లేదు, ఏక్ బార్ దేఖ్ లీజియే, ఒక్కసారి చూడండి అని. మీరు సరే అన్నారు. చూసే అన్నారనుకున్నాను."

ఆ రోజు సౌభాగ్య కళ్లకు కట్టింది. సర్కండాలో చిన్నమ్మగారి గృహప్రవేశం. పంక్తిలో విస్తరి ముందు కూర్చుని, వడ్డన వచ్చేలోపల ఫోన్ తీసింది. మైత్రి పంపిన మార్పు వచ్చి అప్పటికి రెండో రోజు. గడువు దాటిన మార్పు ఇంతవరకూ ఒక్కటీ లేదని అంతకు ముందే ఓంకార్‌తో గొప్పగా చెప్పి ఉంది. ఫోన్ తెరమీద కోడ్ చిన్నగా కనిపించింది. పైనుంచి కిందికి వేలితో తోసుకుంటూ పోయింది. మైత్రి రాసే తీరు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, ఇదీ అలాగే ఉంది. మధ్యలో ఒకచోట మడతపడి ఉన్న వ్యాఖ్య గుర్తు కనబడింది. నొక్కితే తెరుచుకుంటుంది. నొక్కలేదు. పప్పు వడ్డిస్తున్నారు. సరే అని ఒత్తి ఫోన్ పక్కన పెట్టేసింది.

ఆ గుర్తును ఆమె చూసింది. చూడలేదని తనకు తాను చెప్పుకోవడానికి కూడా లేదు.

"నీకు జవాబు రాలేదు కదా, మళ్ళీ ఎందుకు అడగలేదు?" అని అడగబోయి ఆగిపోయింది. ఆ ప్రశ్న వేసే అర్హత తనకు లేదు. ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్ల, తనకు నేర్పించిన మనిషి సరే అన్నాక, సరిగ్గా చూశారా అని మళ్ళీ ఎలా అడుగుతుంది?

"మరి చెరిపేశావెందుకు?"

"నీలవేణి ఆంటీ సంగతి తెలిసిన పొద్దున్నే చెరిపేశాను. అది ఉంటే అందరూ చదువుతారు కదా. మైత్రి అడిగింది, సౌభాగ్య చూడలేదు అని."

"నా కోసమా?"

"మీ ఒక్కరి కోసం కాదు." మైత్రి మొదటిసారి తల తిప్పి చూసింది. ఏడుపు లేదు ఆ ముఖంలో, అలసట ఉంది. "నా మొదటి మార్పు ఓంకార్ భయ్యా దగ్గర నాలుగు నెలలు పడి ఉంది అక్కా. రోజూ చూసుకునేదాన్ని. చివరికి పనికిరాదని ఒక్క ముక్క రాశారు. ఎందుకు పనికిరాదో రాయలేదు. ఛోడ్ దియా థా మైనే, ఇక రాయడమే మానేశాను. మీరొచ్చి ఎక్కడ తప్పుందో ఒక్కొక్కటీ చూపిస్తే మళ్ళీ మొదలుపెట్టాను. నాలాంటివాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు మన దగ్గర. తప్పు మీదని తేలితే భయ్యా ఏమంటారు? చూశారా, మీ పద్ధతి ఇంతే అంటారు. మళ్ళీ పాత పద్ధతే వస్తుంది. నేను పోతే ఏం పోతుంది? ఒక పిల్ల పోతుంది."

సౌభాగ్య తెచ్చిన పద్ధతిని కాపాడ్డానికి ఈ పిల్ల తన పేరు బలిపెట్టుకుంది. ఆ పద్ధతి తెచ్చిన మనిషేమో గడువు దాటలేదన్న గొప్ప కోసం ప్రశ్నను దాటేసింది. ఇన్నాళ్లూ ఓంకార్ ఆలస్యాన్నే ఆమె శత్రువనుకుంది. అతను ఎవరినైనా నెలలు ఆపాడు గానీ, చదవకుండా ఒక్కదానికీ సరే అనలేదు. ఆ తేడా ఇప్పుడు కనబడుతోంది. ఇప్పుడు కనబడి ఏం లాభం?

తనే వెళ్లి ఓంకార్‌కు చెబుతానంది. మైత్రి వద్దంది. చాలాసేపు వద్దంది. చివరికి ఒక మాట అడిగింది.

"మీరు చెబితే ఏం మారుతుంది అక్కా? నీలవేణి ఆంటీకి పోయింది తిరిగొస్తుందా?"

"రాదు" అంది సౌభాగ్య.

"మరి?"

సౌభాగ్య లేచింది. బీరువా దగ్గరికి వెళ్లి, దుప్పట్ల కింద నుంచి ల్యాప్‌టాప్ తీసి మంచం మీద పెట్టి, వెళ్లొస్తానంది. వీధి గుమ్మం దగ్గర ఆండాళ్ ఏమంది ఏమంది అని అడిగితే, మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదండీ, చేసింది నేను అని మాత్రం చెప్పింది. ఆండాళ్‌కు అర్థమైందో లేదో, కాఫీ తాగి వెళ్లమంది. సౌభాగ్య ఆగలేదు.

ఓంకార్ ఇంకా వర్క్‌షాపులోనే ఉన్నాడు. ఆదివారమైనా ఒక బోర్డు డెలివరీ ఉందట. సౌభాగ్య అన్నీ వరసగా చెప్పింది. గృహప్రవేశం, విస్తరి, మడతపడి ఉన్న ప్రశ్న, మైత్రి దాన్ని ఎందుకు చెరిపిందో, అంతా. పాత పద్ధతే వస్తుందన్న మైత్రి భయాన్ని కూడా దాచలేదు. అతను మాటకు మాట అంటాడనుకుంది. అంటే పడదామనుకునే వచ్చింది.

ఓంకార్ స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టాడు. తరవాత చాలా మామూలు గొంతుతో చెప్పాడు. మైత్రి మార్పు వచ్చిన రోజు అతనూ తెరిచాడట. పేరు చూశాడట. ఇప్పుడు మీరే చదువుకుంటున్నారుగా, చదువుకోండి అనుకుని మూసేశాడట.

"నీ పద్ధతి ఎప్పుడు బోల్తా పడుతుందా అని చూస్తూ కూర్చున్నాను సౌభాగ్యా" అన్నాడు. "పడింది. ఇలా పడుతుందనుకోలేదు."

ఆ సాయంత్రం ఇద్దరూ ఆ ఇనుప సామాను మధ్యనే కూర్చుని కొత్త కట్టుబాటు రాశారు. రాసిన మనిషి గానీ చదివిన మనిషి గానీ వేసిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఏ మార్పూ కలవకూడదు. ఆ జవాబు చాలని ప్రశ్న వేసినవాళ్లే అనాలి. దాతలకు కబురు పంపే భాగం జోలికి పోయే మార్పయితే ఇద్దరు చదవాలి, ఖాళీ గడులున్న పాత దాతల పేర్లతో ప్రయత్నించి చూడాలి. రెండు రోజుల గడువును ఓంకార్ తీసేద్దామంటాడనుకుంటే, ఉంచమన్నాడు. అయితే గడువు జవాబు చెప్పడానికే గానీ సరే అనడానికి కాదని రాయమన్నాడు. ఆ మాట సౌభాగ్య రాసింది. ఇంత చిన్న మాట. మొదటి రోజే ఇద్దరూ కూర్చుని ఉంటే అప్పుడే రాసుకునేవాళ్లు. అప్పుడు ఒకరి మీద ఒకరు గెలవడంలో ఉన్నారు.

ఏం జరిగిందో తన పేరుతోనే సౌభాగ్య అందరూ చదివే చోట రాసిపెట్టింది. మైత్రి పేరు దగ్గర ప్రశ్న అడిగిన మనిషి అని రాసింది.

లేవబోతుంటే ఓంకార్ అడిగాడు, ఇదంతా నూకరాజుకు చెప్పావా అని. ఇంటర్నెట్‌లో రాసింది కోడ్ రాసేవాళ్లు చదువుతారు, పెళ్లాం చావు అంచుదాకా పోయొచ్చిన మనిషి ఎక్కడ చదువుతాడు? నేనూ వస్తానన్నాడు. సౌభాగ్య వద్దంది.

మర్నాడు పొద్దున్న ఆమె రైల్వే కాలనీకి వెళ్లింది. ఆ కాలనీ ఆమెకు కొత్త కాదు. తండ్రి బంగార్రాజు రైలు డ్రైవరుగా రిటైరయ్యేదాకా అక్కడి క్వార్టర్లోనే పెరిగింది. నూకరాజు ఆయన దగ్గర అసిస్టెంటుగా పనిచేసి డ్రైవరైనవాడు. పండగలకు ఇంటికి వచ్చి తినివెళ్లేవాడు. ఆ చనువుతో వెళ్లగలిగింది. ఆ చనువే ఇప్పుడు అడుగులు బరువుగా చేసింది.

నూకరాజు వరండాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సెలవు పొడిగించుకున్నాడట. గుమ్మానికి అవతల, చాప మీద, నీలవేణి గోడకు ఆనుకుని పాపకు పాలు పడుతోంది. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు పుట్టిన పిల్ల. బంగార్రాజు గారి పాప వొచ్చింది అని నూకరాజు లోపలికి కేకేసి, కుర్చీ తెచ్చి వేశాడు. సౌభాగ్య కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది.

చెప్పింది. కోడ్ మాటలేవీ లేకుండా చెప్పింది. ఆ రోజు మీ కోసం వెళ్లవలసిన కబురు వెళ్లలేదు అన్నయ్యా, వెళ్లకుండా ఆగడానికి కారణం ఒక పొరపాటు, ఆ పొరపాటు ఉందేమో చూడమని ఒక పిల్ల నన్ను అడిగింది, నేను చూడకుండానే బాగుందన్నాను, అని.

నూకరాజు వెంటనే కోపపడలేదు. అర్థం చేసుకోవడానికి అతనికి సమయం పట్టింది.

"కబురెళ్లనేదా?"

"వెళ్లలేదు."

"మా మరదలి ఫోన్లో నాను సూసేనమ్మా. అందరికీ కబురు అందింది అని ఉంది."

"ప్రోగ్రాం అలా చూపించింది. పంపాలనుకున్న నలుగురికీ పంపేసి, అందరికీ అందిందని చూపించింది. ఆ నలుగురూ ఊళ్లో లేరు. పాతవాళ్లెవరికీ వెళ్లలేదు."

"పాతోలంటే…" అతను స్టూలు మీంచి లేచాడు. "సూర్యం పాతోడేనా?"

సౌభాగ్యకు వెంటనే తట్టలేదు. సూర్యం అంటే పక్క వరస క్వార్టర్లో ఉండేవాడు, నూకరాజుతోపాటే ఉద్యోగంలో చేరినవాడు. వాళ్లిద్దరినీ విడివిడిగా చూసినవాళ్లు కాలనీలో తక్కువ. దాతల్లో అతనూ ఉన్నాడని ఆమెకు తెలుసు. 'పిలుపు' మొదలైన ఏడాదే, ఆమె తండ్రి చెబితే చేరాడు. నీలవేణికి కావలసిన రక్తమే అతనిది.

అవునంది.

నూకరాజు వరండా కమ్మీ పట్టుకున్నాడు. ఆ తరవాత అతను చెప్పినదాంట్లో సగం తనకు తాను చెప్పుకున్నదే. నీలవేణికి నొప్పులు వచ్చిన రోజు అతను కోర్బా వైపు బండి మీద ఉన్నాడు, ఫోన్ ఆపేసి ఉంది. ఆసుపత్రిలో ఉన్నది మరదలు, ఆమె ఊరికి కొత్త. తను దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. రెండు రోజుల తరవాత ఎవరో అన్నారు, సూర్యానిదీ అదే గ్రూపు కదా, ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు కదా అని.

"డ్యూటీకెక్కే కాడ, అందరి ముందరా అడిగేనమ్మా. కబురందినా ఇంట్లో తొంగున్నావేట్రా అని. ఆడు నాకు రానేదన్నాడు. పిల్లల మీద ఒట్టేసేడు. ఫోన్ తీసి సూపించబోనాడు. నాను ఆ ఫోన్ తోసీసేను. కింద పడి పగిలిపోనాది." నూకరాజు గొంతు తగ్గింది. "ఆడొక్క మాట అన్నేదు. ముక్కలేరుకుని ఎళ్లిపోనాడు. షహ్‌డోల్‌కి బదిలీ అడిగి మరీ ఏయించుకున్నాడు. మొన్న సామాను కూడా తీసుకెళ్లిపోనాడు."

పోయిన వారమంతా బృందం ఆసుపత్రి గురించే మాట్లాడుకుంది. రాని కబురు ఇంకెవరి ఇంటి తలుపు తట్టిందో ఒక్కరూ ఆలోచించలేదు.

లోపల పాప పాలు తాగడం ఆపినట్టుంది. నీలవేణి పాపను భుజాన వేసుకుని, గోడ పట్టుకుని మెల్లగా లేచి గుమ్మం దాకా వచ్చింది. మనిషి సగమైపోయింది. సౌభాగ్యను పరీక్షగా చూసింది.

"మంచిదమ్మా, వొచ్చి సెప్పేవు" అంది. కోపం లేదు ఆ గొంతులో, ఆదరమూ లేదు. "సెప్పీసేవు కాబట్టి నీకు కొంత దిగుతాది. నాకు దిగదు."

సౌభాగ్య తల వంచుకుంది. క్షమించమని అడగాలని ఇంటి దగ్గర అనుకుని వచ్చింది. ఆ మాట ఇప్పుడు నోటికి రాలేదు, వస్తే అది ఇంకో భారం మోయమని ఆమెను అడిగినట్టుంటుంది. నీలవేణి పాప వీపు నిమురుతూ లోపలికి వెళ్లిపోయింది.

మైత్రి అడిగిన ప్రశ్న సౌభాగ్యకు అప్పుడు మళ్ళీ వినబడింది. చెబితే ఏం మారుతుంది? లోపలికి వెళ్లిన మనిషికి ఏమీ మారలేదు. కానీ వరండాలో నిలబడ్డ ఈ మనిషికి మారవలసింది ఒకటి మిగిలే ఉంది.

"సూర్యం అన్నయ్యకు నేనే చెబుతాను" అంది. "మీరు అన్న మాటకు కారణం నేనని చెబుతాను. నంబరివ్వండి."

నూకరాజు తన ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు. "నా నంబరు సూస్తే ఎత్తడు. నీ దాంట్లోంచి సెయ్యి." నంబరు అతనికి కంఠతా వచ్చు, ఒక్కో అంకే చెప్పాడు. ఎదురుగా నిలబడి ఆమె ముఖంలోకే చూస్తూ ఉన్నాడు. ఫోన్ మోగుతున్నంతసేపూ అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి, ముందు ఏం చెప్పాలో కూడదీసుకుంటున్నట్టు.

అవతల ఎత్తారు. వెనక ఎక్కడో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు.

సౌభాగ్య తనెవరో చెప్పింది. బంగార్రాజు గారి అమ్మాయినని చెబితే, బాగున్నావా అమ్మా, నాన్నగారెలాగున్నారు అని సూర్యం అడిగాడు. ఆ ఆప్యాయతకే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపుకుని, నూకరాజుకు చెప్పిన మాటలే మళ్ళీ చెప్పింది. నీలవేణి కోసం ఆ రోజు మీకు వెళ్లవలసిన కబురు వెళ్లలేదు అన్నయ్యా, మీరు చెప్పింది నిజం, మీరు పడిన మాటలకు కారణం నేను, అంది.

అవతల పిల్లల చప్పుడు దూరమైంది. అతను గదిలోంచి బయటికి నడిచినట్టున్నాడు. ఎక్కడో ఒక తలుపు మూసుకుంది.

"నా ఫోన్లోకి కబురు రానేదమ్మా, నిజమే. పిల్లల మీద ఒట్టేసింది అందుకే" అన్నాడు సూర్యం. గొంతు బాగా తగ్గించాడు. "గానీ నాకు తెలుసు. ఆ సాయంత్రమే తెలుసు. నీలవేణికి రగతం కావాలని నాకొకలు వొచ్చి సెప్పేరు. నాను ఎళ్లనేదు."

సౌభాగ్య ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

"నూకరాజు నీ పక్కనే ఉన్నాడేటి?"

ఆమె తలెత్తింది. నూకరాజు మెట్టు దిగి మరీ దగ్గరికి వచ్చాడు. వారాల తరవాత అతని ముఖంలో కొంచెం వెలుతురు కనబడుతోంది. ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

"ఏటంటన్నాడమ్మా?" అన్నాడు.